ముసురునాటి విశ్వాసము

వర్షమునకును ముసురునకును భేదము కలదు. వర్షము వచ్చును, కురియును, వెలియును. ముసురు వచ్చి కూర్చుండును. ఆషాఢ శ్రావణ మాసములలో గణపవరము మొదలు కొల్లేటి గట్లవరకు గల పల్లెలలో నివసించువారికి ఈ భేదమును వేరుగ చెప్పనక్కరలేదు. ఆకాశము నేలమీదికి వంగినట్లుండును. పగటికి వెలుగుండదు, ఆరవేసిన బట్ట ఆరదు, పశువులు పాకలో నిలిచినచోటనే నిలిచియుండును. పెద్ద గాలియు లేదు, పిడుగును లేదు. చెప్పుకొనదగిన ఆపద యేదియు లేదు. ఐనను మూడవనాటికో నాలుగవనాటికో మనుష్యుని మనస్సు క్రుంగుట ఆరంభించును.

మన జీవితములందును ఇట్లే తుపానువంటి కష్టములు కొన్ని, ముసురువంటి కష్టములు కొన్ని కలవు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచివేసినపుడు పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. ఆ వార్త విని దేశమంతయు కదలెను. అన్నము, బట్టలు, మందులు తీసికొని ఎక్కడెక్కడివారో వచ్చిరి. పెద్ద ఆపదలో పదిమంది ప్రక్కన నిలుతురు. ముసురువంటి కష్టమునకు సాక్షులుండరు. తీరని అప్పు, మానని జబ్బు, చదువు ముగిసి మూడేండ్లైనను ఉద్యోగము దొరకని కుమారుడు, మంచము పట్టిన తల్లి, పలుకరించువారు లేని వార్ధక్యము — వీటిని గూర్చి పత్రికలు వ్రాయవు, బంధువులు పరుగెత్తి రారు. నిన్నటివలెనే నేడు, నేటివలెనే రేపు. ఇట్టి దినములలో భగవంతునిపై నమ్మకము ఎట్లు నిలుచును? నిలిచినచో అది మనుష్యునకు చేయు ఉపకారమేమి? వేదాంతచర్చ జోలికి పోక, మన ప్రాంతపు నీటిని, పంటను, కథలను, పాటలను ఆధారముగా చేసికొని ఈ విషయమును విచారింతము.

మొదట నీటి సంగతి. కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులును, అనేకములైన మురుగుకాలువలును దానిలోనికి చేరును. చేరుటకు మార్గములు పెక్కు. సముద్రమునకు పోవుటకు ఉన్న సహజమార్గము ఉప్పుటేరు ఒక్కటే. అది దాదాపు 60 కిలోమీటర్లు వంకరలు తిరుగుచు పోయి బంగాళాఖాతమున కలియును. నేల వాలు స్వల్పము. సముద్రమున పోటు వచ్చినపుడు నీరు వెనుకకు త్రోయబడును. కాబట్టి మన్యములోను మెట్టలోను కురిసిన వాన త్వరగ పల్లమునకు దిగివచ్చును. దిగివచ్చిన నీరు తీయుటకు దినములు, ఒక్కొక్కపుడు వారములు పట్టును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేటి గట్లు తెగి విజయవాడలో అనేక పేటలు మునిగినపుడు ఆ ఏటి వరద తుదకు చేరినది కొల్లేటికే. తాడేపల్లిగూడెము వైపున ఎర్రకాలువ పొంగినను చేలవారి అనుభవ మిట్లే యుండును. గట్టు తెగిన వార్త ఒక దినముది. చేలలో నిలిచిన నీటి బాధ అనేక దినములది.

ఇక పంట సంగతి. గణపవరము చుట్టుప్రక్కల నొక కౌలు రైతును ఉదాహరణముగా తీసికొందము. సొంత భూమి లేదు. తొలకరికి విత్తనములు కొని ఆకుమడి పోసెను. 25, 30 దినములు నారు పెంచి, కూలీలను పిలిచి ఊడ్పులు పూర్తిచేసెను. వారము తిరుగకుండగనే ముసురు పట్టెను. మురుగుకాలువలో గుర్రపుడెక్క అడ్డుపడి నీరు లాగలేదు. ప్రతి ఉదయమును అతడు గట్టుమీదికి పోయి చూచును. మొదటినాడు ఆకుకొనలు కనబడును, మూడవనాడు కనబడవు. పెట్టుబడి కిచ్చిన బాకీదారు అడుగుట మానడు. భూమి యజమానికి మక్తా చెల్లింపవలెను. నష్టపు లెక్క వ్రాయువారి పుస్తకములో తన పేరుండునో, భూమి యజమాని పేరే యుండునో తెలియదు.

అతని మనస్సులో అపుడు రెండు ప్రశ్నలు మెదలును. మరల ఆకుమడి పోయుటయా, ఈ ఏటికి విడిచిపెట్టుటయా అనునది మొదటిది. భగవంతు డున్నాడా, ఉన్నచో నన్ను చూచుచున్నాడా అనునది రెండవది. ఇంట కూర్చున్నవారికి ఒకటి వ్యవసాయమునకును, మరియొకటి వేదాంతమునకును సంబంధించినవిగ తోచును. గట్టుమీద నిలిచినవానికి ఆ రెండును ఒకే ప్రశ్న. నన్ను చూచువాడొక డున్నాడను ధైర్యము లేనిచో రెండవమారు విత్తనము చేతబట్టుటకు చేయి రాదు.

ఇట్టి సమయమున సామాన్యముగ మన మొక మ్రొక్కు మ్రొక్కుకొందుము. 'ఈ శుక్రవారమునకు నీరు తీసినచో ద్వారకాతిరుమల కొండకు నడచి వచ్చెదను స్వామీ' అందుము. ఇట్లు మ్రొక్కుకొనుట తప్పనుటకు ఎవరికిని అధికారము లేదు. బిడ్డ తల్లిని అడిగినట్లు మనుష్యుడు దైవమును అడుగును. కాని ఆ మ్రొక్కులో నొక గడువు కలదు. శుక్రవారము వచ్చి, నీరు తీయనిచో ఏమగును? చాలమందికి నీటికన్న ఆ శుక్రవారమే ఎక్కువ హాని చేయును.

ఇందులకు ఐరోపా చరిత్రనుండి ఒక నిదర్శనము చూపవచ్చును. వియన్నా నగరమునకు చెందిన వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ (1905–1997) రెండవ ప్రపంచయుద్ధకాలమున నాజీల నిర్బంధశిబిరములలో ఖైదీగ నుండెను. 1944 క్రిస్మసునకును 1945 నూతన సంవత్సరాదికిని నడుమ వారమున తన శిబిరములో మరణములు మునుపెన్నడు లేనంతగ పెరిగెనని ఆయన 1946లో ప్రకటించిన గ్రంథమున తెలిపెను. పని భారము పెరుగలేదు, తిండి మరింత చెడలేదు, క్రొత్త అంటువ్యాధియు రాలేదు. అనేకులు క్రిస్మసునాటికి ఇల్లు చేరుదుమని నమ్మి, ఆ నమ్మకముపై బ్రతికిరి. పండుగ వచ్చెను, విడుదల రాలేదు. శరీరమున మిగిలిన కొద్దిపాటి సత్తువ ఆ నిరాశతో జారిపోయెను. తనకై వేచియున్న మనుష్యునో, తాను పూర్తిచేయవలసిన పనినో మనస్సున నిలుపుకొన్నవారికి నిలదొక్కుకొను బలము కొంత యెక్కువగ నుండెనని ఆయన పరిశీలన. అట్టివారిలోను ఎందరో మరణించిరి. ఆ సంగతిని ఆయన దాచలేదు.

ఈ నిదర్శనము మనకు ఆశయను మాటకును విశ్వాసమను మాటకును గల భేదమును చూపుచున్నది. ఆశ ఫలమును చూచును. కాబట్టి దానికి తేదీ కావలెను. విశ్వాసము తోడును చూచును. దానికి తేదీతో పనిలేదు. రేపు నీరు తీయుననుట ఆశ. నీరు తీసినను తీయకున్నను నేను విడువబడినవాడను గాను, నేడు చేయవలసినది నేడు చేసెదననుట విశ్వాసము. ఆశ లేక ఎవరును బ్రతుకలేరు. ఆశను తిట్టిపోయుట నా యుద్దేశము గాదు. తేదీ తప్పిన ఆశను మరల నిలువబెట్టునది విశ్వాస మనుటయే నా మనవి.

నీట మునిగిన వరిమొక్కను పరిశీలించినవారు చెప్పిన విషయమొకటి ఇచట చక్కగ నన్వయించును. సామాన్యమైన వంగడము నీరు తలమీదికి వచ్చినంతనే ఎట్లైన పైకి రావలెనని త్వరత్వరగ సాగును. తనలో నిలువయున్న ఆహారమును ఆ సాగుటకే వ్యయపరచును. తీరా నీరు తీసినపుడు నిలబడు సత్తువ లేక వాలిపోవును. ఒడిశా ప్రాంతపు పాత దేశవాళీ వరి యొకటి ఇట్లు చేయదు. మునిగినంతనే అది యెదుగుదల నాపుకొని, ఉన్న శక్తిని పొదుపుచేసికొని నిలుచును. దాదాపు రెండు వారములు నీటిక్రింద నుండి, నీరు తీసిన వెనుక చిగిర్చును. ఈ గుణమునకు మూలమైన జన్యువును గూర్చి శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిరి. ఫిలిప్పీన్సు దేశములోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు దానిని స్వర్ణ వంగడములోనికి తెచ్చిరి. స్వర్ణ మన పశ్చిమగోదావరి మారుటేరు పరిశోధనస్థానమున పుట్టిన బిడ్డయే. ఈ రెండింటి కలయికవలన గలిగిన స్వర్ణ సబ్-1 మన దేశమున 2009లో విడుదలయ్యెను.

మొక్కకు భక్తి కలదని చెప్పుట హాస్యాస్పదము. కాని కష్టమున మనుష్యుడు చేయు పనులను ఈ రెండు మొక్కలతో పోల్చి చూడవచ్చును. ముసురు దినములలో మనము ఒక్క ఊపున పైకి రావలెనని పెనుగులాడుదుము. అప్పు తీర్చుటకు అంతకన్న పెద్ద వడ్డీకి అప్పు తెత్తుము. ఇంటివారిపై కేకలు వేయుదుము. రాత్రులు నిద్రమాని, మారని లెక్కనే మరల మరల వేయుదుము. ఉన్న శక్తి యంతయు ఈ పెనుగులాటకే చెల్లును. దారి దొరకిననాడు నడచుటకు కాళ్లలో సత్తువ యుండదు. దైవముపై భారము వేయుట యనగా ముడుచుకొని పడుకొనుట గాదు. మన వశము కానిదానితో పోరుట మాని, మన వశములో నున్నదానికై శక్తిని నిలుపుకొనుట.

పోతన భాగవతము అష్టమ స్కంధములోని గజేంద్రమోక్షము ఈ సంగతినే కథగ చెప్పుచున్నది. అదియు నీటి కథయే. త్రికూట పర్వతముకడ నొక సరస్సు. దప్పిక తీర్చుకొనుటకు దిగిన గజరాజు కాలిని మొసలి పట్టెను. నేలమీద ఏనుగు బలము గొప్పది. నీటిలో మొసలి బలము గొప్పది. వేయి సంవత్సరములు పెనుగులాడిన కొలది ఏనుగు నీరసించెను, మొసలి బలిసెను. చుట్టునున్న పరివారము సాయపడలేకపోయెను. తన బలముపై గల నమ్మకము పూర్తిగ ఉడిగిన పిదప ఏనుగు పిలిచెను.

కథ ఇంతమాత్రమే యైనచో పురాణము విని మరచిపోవచ్చును. పోతన దీనిని ఇంతటితో విడువలేదు. ఆ పిలుపు నడుమ ఏనుగుకు సందేహము కలిగినట్లు చెప్పెను. దీనుల యందుండువాడని విందుమే, ఆ ఉన్నవాడు నిజముగ ఉన్నాడా అని ఏనుగు వితర్కించును. భక్తికావ్యములో, భక్తుని నోట, ఆపద్బాంధవుడు రాకముందే ఈ మాట! ఐదు వందల యేండ్లకు పైగా తెలుగువారు ఆ పద్యములను పిల్లలచేత కంఠస్థము చేయించుచునే యున్నారు. ఇది నాస్తికమని ఎవరును కొట్టివేయలేదు. సందేహము ప్రార్థనకు వెలుపలి వస్తువు గాదనియు, సందేహించుచునే పిలువవచ్చుననియు మన పెద్దలెరుగుదురు. ముసురు దినములలో ప్రార్థన నోటికి రానివారు, నాకు నమ్మకము పోయినదని తమ్ము తాము దూషించుకొనువారు, ఈ ఘట్టమును మరల చదువవలెను. సందేహమును ఎవరికి చెప్పుకొనుచున్నామో అదియే ముఖ్యము.

భద్రాచల రామదాసు మరియొక మెట్టు ముందుకు పోయెను. 17వ శతాబ్దమున పాల్వంచ పరగణాకు తహశీలుదారుగ నుండిన కంచెర్ల గోపన్న, ప్రభుత్వపు సొమ్ముతో రామాలయము కట్టించెనను నేరముపై గోలకొండ చెరలో పడెను. పన్నెండేండ్లు చెరలో మ్రగ్గెనని సంప్రదాయము. తానీషాయని ప్రసిద్ధుడైన అబుల్ హసన్ కుతుబ్‌షా కాలమది. ఆ చెరలోనివిగ చెప్పుకొను కీర్తనలలో స్తుతియెంత యున్నదో నిష్ఠూరమును అంతయే యున్నది. సీతమ్మకు చేయించిన నగ యెంత, తమ్మునికి చేయించినదెంత అని లెక్కలు చెప్పి, ఇవి పెట్టుకొని కులుకుచున్నావా అని రాముని నిలదీసెను. మరల తిట్టితినని బాధపడవలదని తానే బ్రతిమాలుకొనెను. దేవుడు లేడనుకొన్నవాడు ఇట్లు జగడమాడడు. ఇంటిలోనివానితోనే మనము జగడమాడుదుము. 1948 డిసెంబరు 1వ తేదీన ఆకాశవాణి విజయవాడ కేంద్రము ఆరంభమైన పిదప, తెల్లవారుజామున భక్తిరంజని కార్యక్రమముద్వారా ఇట్టి కీర్తనలు పల్లెపల్లెకు చేరినవి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కంఠమున రామదాసు కీర్తన వినుచు పాలు పితికినవారు, పొలమునకు బయలుదేరినవారు ఎందరో. సుఖములో నున్నవాని పాట వారికి అంత దగ్గరగ నుండెడిది కాదేమో. చెరలో నున్నవాని పాట కాబట్టియే అది వంటింటివరకు వచ్చెను.

ఇది హిందువుల సొత్తు మాత్రమే గాదు. ఏలూరు ప్రాంతమున దేవాలయముతోపాటు చర్చియు, మసీదును గల ఊళ్లు అనేకము. బైబిలులోని కీర్తనల గ్రంథమున దేవుడు తన్ను మరచెనని మొరపెట్టు గీతములు కొల్లలు. వాటిని ఆరాధనలోనే పాడుకొందురు. ఇస్లాము మతమున దైవముపై భారము వేయుటను తవక్కుల్ అందురు. ఒంటెను విప్పి దైవముమీద విడువవలెనా అని అడిగినవానితో, ముందు కట్టివేసి ఆ తరువాత నమ్మియుండుమని మహమ్మదు ప్రవక్త చెప్పినట్లు ముస్లిములు పరంపరగ చెప్పుకొందురు. మొర పెట్టుట యొకటి, ఒంటెను కట్టుట యొకటి. ఈ రెండును కలిసినపుడే విశ్వాసము నిండుగ నుండును.

ఒంటెను కట్టినవారి కథ మన గోదావరి సీమలో కలదు. 1832, 1833 సంవత్సరములలో నందన కరువు తెలుగునేలను పీడించెను. దానికి ముందు వెనుకల తుపానులు, పంటనష్టములు వచ్చినవి. నాటి రాజమండ్రి జిల్లా జనాభా 1821 ప్రాంతమున సుమారు 7 లక్షల 38 వేలుండగా, 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయెను. గోదావరి నిండుగ పారుచునే యుండెను. దాని యొడ్డుననే ప్రజలు ఆకలిచే చచ్చుచుండిరి. ఇరువదియేండ్ల ముసురది. ఆ స్థితిని చూచిన ఆర్థర్ కాటన్ (1803–1899) ధవళేశ్వరముకడ ఆనకట్ట కట్టవలెనని వాదించి ఒప్పించెను. 1847లో పని ఆరంభమై 1852లో పూర్తియయ్యెను. కాటను దృఢమైన క్రైస్తవ విశ్వాసము గలవాడు. వీణం వీరన్న వంటి తెలుగు సహచరులును, వేలకొలది కూలీలును తమ తమ దైవములను తలచుకొనుచునే రాయి మోసిరి. ఎవరి ప్రార్థన ఎచట చేరెనో చెప్పజాలము. ఆ ప్రార్థనలు వారి చేతులను పనినుండి మాన్పింపలేదని మాత్రము చెప్పవచ్చును. గోదావరి స్నానసంకల్పములో కాటను పేరు చేర్చి చెప్పుకొన్న బ్రాహ్మణులుండిరని నేటికిని మనవారు కథలుగ చెప్పుకొందురు.

ఇచట నొక హెచ్చరిక అవసరము. మన నిర్లక్ష్యమును దైవముపై త్రోయుట విశ్వాసము గాదు. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని మన సామెత. నీటికి పల్లము తెలియును. ఆ పల్లమును పూడ్చి, చెరువుగట్లు వేసి, మురుగుకాలువ నాక్రమించినవారము మనము. కొల్లేటిలో హద్దులు దాటి వేసిన చేపలచెరువుల గట్లను 2006లో ప్రభుత్వము పెద్దయెత్తున తొలగింపవలసి వచ్చెను. దానివలన చిన్నకుటుంబములు కొన్ని జీవనోపాధి పోయి బాధపడినవి. నీటి త్రోవ నడ్డగించుటయు కష్టమే, ఆలస్యముగ దానిని సరిదిద్దుటయు కష్టమే. ఊరివారందరు కలిసి వేసవిలో గుర్రపుడెక్క తీసివేసిన కాలువ, శ్రావణమున వేయి కొబ్బరికాయలు కొట్టినంత మేలు చేయును. కొబ్బరికాయ కొట్టవలదని నేననుట లేదు. కాలువ బాగుచేసి కొట్టవలెనని మనవి.

ఇంతవరకు చెప్పినదంతయు విని ఒకరు అడుగవచ్చును: గజేంద్రుని వద్దకు స్వామి వచ్చెను, రామదాసు విడుదలయయ్యెను, ఎవరును రానివారి మాట యేమి? ఉప్పెననాడు దివిసీమలో మునిగినవారును పిలిచియుందురు గదా? ఈ ప్రశ్నకు సులభమైన సమాధానము చెప్పువానిని నమ్మరాదు. పూర్వజన్మ కర్మమనియో, పరీక్షయనియో, వారి భక్తి చాలదనియో బిడ్డను పోగొట్టుకొన్న తల్లియెదుట వ్యాఖ్యానము చేయుట క్రౌర్యము. బైబిలులో యోబు కథ కలదు. సర్వమును పోగొట్టుకొని బూడిదలో కూర్చున్న యోబును చూచుటకు మిత్రులు వచ్చిరి. ఏడు దినములు వారాతని ప్రక్కన నేలపై మౌనముగ కూర్చుండిరి. అంతవరకు వారు మంచి మిత్రులు. నోరు తెరచి అతని కష్టమునకు కారణములు చెప్పుట ఆరంభించిన పిదపనే వారు చెడిరి. కథ చివర దైవము కోపించినదియు ఆ వ్యాఖ్యాతలపైననే. మొరపెట్టిన యోబుపైన గాదు.

కాబట్టి విశ్వాసము ఆపదలు రాకుండుటకు కట్టిన బీమా గాదు. అది వచ్చినవానిని మోయుటకు మనుష్యునకు దొరకు బలము. ఆ బలము చాలతరచుగ పొరుగువాని రూపముననే వచ్చును. కొల్లేటికోటలో వెలసిన పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణమాసమున జరుగును. వానకాలపు నీళ్లు తగ్గి, లంకలలో దారులు తేలు కాలమది. వలలు లాగువారు, దోనెలు నడుపువారు, చేలు దున్నువారు అందరు వత్తురు. ఆ యేడు పంట నిలిచినవారును వత్తురు, పోయినవారును వత్తురు. పోయినవాడు గూడ అమ్మకు పసుపు కుంకుమలు తెచ్చుట మానడు. వాని ప్రక్కన పదిమంది నిలిచియుందురు. ముసురులో ఎవరి యింట వారు ముడుచుకొని, ఈ బాధ నాకొక్కనికే యని తలచినవానికి, అందరి కాళ్లకును అదే బురద అంటినదని అచట తెలియును. ఒంటరితనము విరిగినచోట సగము నిరాశ విరుగును.

ఇక ఆచరణకు సంబంధించిన మాటలు కొన్ని. మనస్సు బాగున్నపుడు ప్రార్థించుట, బాగులేనపుడు మానుట మనకు అలవాటు. దీనికి తలక్రిందులుగ చేయవలెను. సంధ్యవేళ దీపము పెట్టుటయో, నమాజో, కుటుంబప్రార్థనయో ఏదియైనను ఒక నియమితసమయమున చేయవలెను. భావము లేకున్నను ఫరవాలేదు, సమయము తప్పరాదు. దినములన్నియు ఒక్కటిగ కలిసిపోవునట్టి ముసురులో ఆ ఒక్క సమయము దినమును నిలువబెట్టు గుంజవలె నుండును. రెండవది, బాధను దాచక చెప్పుకొనవలెను; రామదాసు రామునకు చెప్పినంత సూటిగ దైవమునకును, నమ్మదగిన ఒక మనుష్యునకును చెప్పవలెను. మూడవది, దినమున కొక్క పని పూర్తిచేయవలెను. అది గట్టున గండి పూడ్చుట కావచ్చును, మానిన మందు మరల వేసికొనుట కావచ్చును, బాకీదారు ఇంటికి తానే పోయి గడువు అడుగుట కావచ్చును. నాలుగవది, మనకన్న ఎక్కువ కష్టములో నున్న యొకరి ఇంటికి పోయి, వ్యాఖ్యానము చేయక, కొంతసేపు కూర్చుండవలెను.

ఇంకొక మాటయు చెప్పవలసియున్నది. వారముల తరబడి నిద్ర పట్టక, తిండి సహింపక, బ్రతికి ప్రయోజనమేమి యను తలంపు వచ్చుచున్నచో అది భక్తి చాలకపోవుట గాదు. వైద్యము చేయవలసిన వ్యాధి. జ్వరము వచ్చినపుడు వైద్యుని యొద్దకు పోవుట నమ్మకములేమి కానట్లే, మనస్సునకు జబ్బు చేసినపుడు పోవుటయు కాదు. భారతప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగ ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. ఇంటిలోని పెద్దలు ఈ సంఖ్యను పంచాంగము ప్రక్కన గోడమీద వ్రాసియుంచుట మంచిది. అడుగుటకు సిగ్గుపడువారికై ఇంటివారే ఫోను చేయవచ్చును. దైవము పంపిన చేయి వైద్యుని చేయియై యుండరాదా?

నీరు తీసిననాడు మన కౌలు రైతు మరల గట్టుమీదికి పోవును. స్వర్ణవంటి దీర్ఘకాలపు వంగడమును మరల పోసినచో దాదాపు 150 దినములు కావలెను. కోత నాటికి కార్తికపు తుపానుల భయము. మారుటేరువారు రూపొందించిన ఎం.టి.యు. 1010 సుమారు 120 దినములలోనే కోతకు వచ్చును. దానికి కాటన్‌దొర సన్నాలని పేరు. కరువునాట పనికి పూనుకొన్న ఆ పెద్దమనిషి పేరుగల విత్తనమును ఆతడు గంపకెత్తవచ్చును. లేదా వ్యవసాయాధికారి సలహాపై మరియొకటి యెన్నుకొనవచ్చును. లేదా లెక్క చూచుకొని ఈ సార్వా విడిచి, దాళ్వాకు సిద్ధపడవచ్చును. ఏది మేలో ఆతని చేను, ఆతని చేతిలోని డబ్బు చెప్పును. విడిచిపెట్టినంతమాత్రమున అతడు విశ్వాసము లేనివాడు గాడు. నిలకడగ ఆలోచించి, ఇంటివారితో చెప్పి, దైవమును తలచుకొని, తరువాతి పనికి చేయి చాచినచో చాలును.

మబ్బు పట్టినపుడు సూర్యుడు లేడని ఎవరును అనరు. పశువులను మేపుటయు, పాలు పితుకుటయు మానరు. ఈ సామాన్యజ్ఞానమును మన మనస్సుల ముసురునకును వర్తింపజేసికొందుముగాక. శ్రోతల గృహములందు ఈ వానకాలము చల్లగ గడచుగాక.